పండగ ముందు పార్లమెంటు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: 2022లో క్రిస్మస్ పేరు చెప్పి శీతకాల సమావేశాలను ముందే ముగించారు. పండగ ఏ రోజు వస్తుందో ఏడాది ముందే తెలుసు కదా! అది చూసుకుని తేదీలు ఎందుకు పెట్టుకోరు?
– ఒక ఉపాధ్యాయురాలు, కాకినాడ

జవాబు: అసలు లోపం మీరన్న చోటే ఉంది. ఆ ఏడాది గుజరాత్ శాసనసభ ఎన్నికల రెండో విడత పోలింగ్ డిసెంబరు 5న జరిగింది. అది అయ్యాకే పార్లమెంటు 7న మొదలైంది. 29 వరకు 17 రోజులు కూర్చోవాలని మొదట అనుకున్నారు. 23వ తేదీ శుక్రవారమే ఉభయ సభలూ నిరవధికంగా వాయిదా పడ్డాయి. కూర్చున్నది 13 రోజులే. క్రిస్మస్ ఆదివారం వచ్చింది కాబట్టి పండగ నాటికి పోయే పనిదినం ఒక్కటీ లేదు. 26 నుంచి 29 వరకు నాలుగు రోజులు మాత్రం పోయాయి.

ఇందులో క్రైస్తవ సభ్యులను తప్పుపట్టడానికి నేను ఒప్పుకోను. మిజోరంలోనో కేరళలోనో ఇంటివాళ్లతో పండగ చేసుకుని, సోమవారం ఉదయం 11 గంటలకు ఢిల్లీలో సభలో ఉండమంటే ఎలా? సమావేశాలకు ముందు జరిగిన అఖిలపక్ష భేటీలోనే ప్రతిపక్షం ఈ మాట చెప్పింది. అప్పుడే తేదీలు సవరించి ఉంటే పోయిన నాలుగు రోజులను వేరే వారంలో సర్దుకోవచ్చు.

నష్టం ఎవరికి అంటారా? ప్రశ్న వేసిన సభ్యుడికి, అతన్ని ఎన్నుకున్న మనకు. లోక్‌సభలో ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. లాటరీలో పేరు రావాలి. రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలకే చోటు. మంత్రిని నిలబెట్టి అనుబంధ ప్రశ్నలు అడిగే అవకాశం వాటికే ఉంటుంది. నాలుగు రోజులంటే 80 ప్రశ్నల చోటు పోయినట్టు. నేను పార్లమెంటు వార్తలు రాసిన రోజుల్లో, తన జిల్లా సాగునీటి ప్రశ్న లాటరీలో వచ్చిందని ఒక సభ్యుడు ఆ ముద్రిత జాబితాను మడిచి జేబులో పెట్టుకుని, కనబడ్డవారికల్లా చూపించడం చూశాను. అలాంటి కాగితానికి ఒక్క వాయిదాతో విలువ లేకుండా పోతుంది.

ఇలా ఎందుకు జరుగుతోందంటే, మన పార్లమెంటుకు స్థిరమైన క్యాలెండర్ లేదు. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి ఎడం ఉండరాదని మాత్రమే రాజ్యాంగంలోని 85వ అధికరణం చెబుతుంది. తేదీలను పార్లమెంటరీ వ్యవహారాల కేబినెట్ సంఘం ఖరారు చేస్తుంది, రాష్ట్రపతి సభలను పిలుస్తారు. ఏ సమావేశానికి ఆ సమావేశమే, అదీ కొద్ది వారాల ముందు.

1955లోనే లోక్‌సభ సాధారణ ప్రయోజనాల సంఘం దీనికి దారి చూపింది. బడ్జెట్ సమావేశాలు ఫిబ్రవరి 1 నుంచి మే 7 వరకు, వర్షాకాల సమావేశాలు జులై 15 నుంచి సెప్టెంబరు 15 వరకు జరగాలంది. శీతకాల సమావేశాలను నవంబరు 5న గానీ దీపావళి తరవాత నాలుగో రోజున గానీ, ఏది ఆలస్యమైతే ఆ రోజున మొదలుపెట్టి డిసెంబరు 22న ముగించాలంది. ఎంత ఆలోచించి రాశారో చూడండి! దీపావళికీ చోటుంది, క్రిస్మస్‌కూ చోటుంది. మంత్రివర్గం ఒప్పుకుంది కూడా. అమలు మాత్రం కాలేదు. 2022లో దీపావళి అక్టోబరు 24న వచ్చింది. ఆ లెక్క ప్రకారం నవంబరు 5 శనివారం పోను 7వ తేదీ సోమవారం సభ మొదలై, ఒక్క రోజు కోయకుండానే 22 నాటికి ముగిసేది. ఉగాదికి పంచాంగం వినిపించినట్టు ఏడాది మొదట్లోనే మూడు సమావేశాల తేదీలూ ప్రకటించాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఇది ఒక్క క్రిస్మస్ సంగతీ కాదు. అదే ఏడాది వర్షాకాల సమావేశాలను మొహర్రం, రాఖీ పండగల కారణంగా ఆగస్టు 12కు బదులు 8నే ముగించారు.

ప్రశ్న: బడ్జెట్ ప్రవేశపెట్టిన రెండు వారాలకే పార్లమెంటుకు దాదాపు నెల సెలవు. ఏ ఉద్యోగికైనా ఇలా ఇస్తారా?
– డిగ్రీ విద్యార్థి, నరసరావుపేట

జవాబు: దాన్ని సెలవు అనకండి. 2025లో సభలు ఫిబ్రవరి 13న ఆగి మార్చి 10న మళ్లీ మొదలయ్యాయి. ఆ మధ్యకాలం శాఖల పద్దులను పరిశీలించే ఎంపీల స్థాయీ సంఘాలది. 1993లో ఏర్పడిన ఈ సంఘాలు ఇప్పుడు 24. ఒక్కోదానిలో 31 మంది, 21 మంది లోక్‌సభ నుంచి, 10 మంది రాజ్యసభ నుంచి. మంత్రులకు వీటిలో సభ్యత్వం లేదు. శాఖ కార్యదర్శి, ఆర్థిక సలహాదారు దస్త్రాలతో వచ్చి, పోయినేడు ఇచ్చిన డబ్బు ఎందుకు మిగిలింది, ఈసారి ఎందుకు ఎక్కువ అడుగుతున్నారు అన్న ప్రశ్నలకు జవాబు చెప్పాలి. గదిలోకి విలేకరులను, కెమెరాలను రానివ్వరు. అందుకే అక్కడ పార్టీ గొడవ తగ్గి లెక్కల మాట పెరుగుతుంది. నా దృష్టిలో పార్లమెంటు చేసే మంచి పనుల్లో ఇదొకటి.

మీ కోపం చూపించాల్సిన చోటు వేరే ఉంది. ఆ నివేదికలు సభకు వచ్చాక ఏమవుతాయి? 2023 మార్చి 23న లోక్‌సభ అన్ని శాఖల పద్దులనూ గందరగోళం మధ్య, చర్చ లేకుండా గిలెటిన్ చేసి, అంటే అన్నిటినీ ఒకేసారి ఓటుకు పెట్టి, ఆమోదించింది. విరామంలో పడ్డ శ్రమ సభలో ఒక్క గంట చర్చకైనా నోచుకోలేదు.

ప్రశ్న: సభ నిరవధికంగా వాయిదా పడితే సమావేశం ముగిసినట్టేనా? పెండింగ్ బిల్లుల సంగతేమిటి?
– విశ్రాంత ఉద్యోగి, హనుమకొండ

జవాబు: ముగిసినట్టు కాదు. రాష్ట్రపతి ప్రొరోగ్ చేస్తేనే, అంటే ముగిసిందని ఉత్తర్వు ఇస్తేనే, సమావేశం ముగుస్తుంది. దీనికి మన తెలుగువారికి బాగా గుర్తున్న ఉదాహరణే ఉంది. 2013 డిసెంబరు 18న లోక్‌పాల్ బిల్లు ఆమోదించి లోక్‌సభ నిరవధికంగా వాయిదా పడింది, కానీ ప్రొరోగ్ చేయలేదు. ఆ విరామంలో హైదరాబాద్ శాసనసభ సంక్రాంతికి ఆగి మరీ రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ ముసాయిదాపై చర్చించింది. జనవరి 23న ముగియాల్సిన గడువును 30 వరకు పొడిగించారు. ఫిబ్రవరి 5న పార్లమెంటు మళ్లీ కూర్చుంది, అదే శీతకాల సమావేశాల కొనసాగింపుగా. పునర్వ్యవస్థీకరణ బిల్లు ఆ నెల 18న లోక్‌సభలో, 20న రాజ్యసభలో ఆమోదం పొందింది.

కొత్త సమావేశం కాదు కాబట్టే, ఏటా తొలి సమావేశం మొదట్లో ఉభయ సభలనుద్దేశించి చేసే రాష్ట్రపతి ప్రసంగం అప్పుడు జరగలేదు. 2004లోనూ ఇలాగే జరిగితే వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. అది పాత సమావేశం రెండో భాగమే, ప్రసంగం అక్కరలేదు అని 2010లో కోర్టు తేల్చింది. ఇక బిల్లులు. 107వ అధికరణం ప్రకారం ప్రొరోగ్ చేసినా పెండింగ్ బిల్లులు రద్దు కావు. లోక్‌సభ రద్దయితేనే అక్కడ పెండింగులో ఉన్నవి పోతాయి.