వారానికో గంట, పదేళ్ల తర్వాత ఏం మిగులుతుంది?

మీరు అడిగింది: "ఇంట్లో దారి చూపేవాళ్లు లేని పిల్లలకు వారానికో గంట మెంటరింగ్ చేస్తే పదేళ్ల తర్వాత నిజంగా ఏమైనా మిగులుతుందా, లేక అది మన తృప్తి కోసమేనా?"

పదకొండేళ్లుగా ఈ పని, అంటే వారానికోసారి ఒక పిల్లవాడితో కూర్చుని దారి చూపడం, చేస్తున్నాను. మిగులుతుంది. కాకపోతే మధ్యలో వదిలేయకూడదు. ఈ సంగతి నాకు నా తప్పు వల్లే తెలిసింది.

నాకు మొదట అప్పగించిన అబ్బాయిని రెండు నెలలు కలిశాను. తర్వాత ఉద్యోగం మారాను, పని పెరిగింది. "వచ్చే వారం తప్పకుండా" అని చెబుతూ చెబుతూ చివరికి మానేశాను. ఇంకో మెంటర్‌ని చూస్తామంటే వాడు "వద్దులెండి, వాళ్లూ వెళ్లిపోతారు" అన్నాడని తర్వాతెప్పుడో తెలిసింది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అమెరికాలో గ్రాస్‌మన్, రోడ్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2002లో చెప్పింది కూడా ఇదే. ఏడాది, ఆపైన సాగిన చోట పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. మూడు నెలల్లోపే తెగిపోయిన చోట పిల్లలకు తమ మీద తమకున్న గౌరవం మునుపటి కన్నా తగ్గింది.

రెండో అబ్బాయిని పదమూడేళ్ల వయసులో కలిశాను. ఈసారి ఆరేళ్లు వదల్లేదు. వాడికి పదిహేడేళ్లప్పుడు ఒక సాంకేతిక కోర్సుకు దరఖాస్తు చేయాల్సి వచ్చింది. రెండు వారాలు గడిచినా పూర్తి చేయలేదు. చూపించమంటే సంచి అడుగు నుంచి తీశాడు, అంచులన్నీ మడతలు పడిపోయాయి. పేరు, పుట్టిన తేదీ, చదువు, అన్నీ ముచ్చటైన చేతిరాతతో నింపాడు. "తండ్రి వృత్తి" అన్న గడి దగ్గర ఆగిపోయాడు. వాళ్ల నాన్న ఏళ్ల క్రితమే ఇల్లు వదిలి వెళ్లాడు. ఆ గడి ఖాళీగా ఉంటే ఫారం వెనక్కి పంపేస్తారని వాడి భయం. ఎవర్నీ అడగలేక, అసలు ఇవ్వడమే మానేద్దామనుకున్నాడు. అక్కడి నుంచే కోర్సు ఆఫీసుకు ఫోన్ చేసి అడిగాం. "ఖాళీగా వదిలేయండి, పర్లేదు" అన్నారు. రెండు నిమిషాల పని. సీటు వచ్చింది. ఇప్పుడు ఎలక్ట్రీషియన్‌గా సొంతంగా సంపాదించుకుంటూ చెల్లెలి చదువు ఖర్చు కూడా చూసుకుంటున్నాడు. చెల్లెలి ఫారం వాడే దగ్గర కూర్చుని నింపించాడు.

పదేళ్ల తర్వాత మిగిలేది అంటే నా దృష్టిలో ఇదే. కొందరు పిల్లలకు ఇంట్లో మాటల మధ్యలోనే తెలిసిపోయే సంగతులు ఇంకొందరికి ఎప్పటికీ తెలియవు. తెలివి తక్కువై కాదు, అడగడానికి మనిషి లేక.

ఇది నా ఒక్కడి అనుభవమే కదా అనుకుంటారేమో. అమెరికాలో పిల్లలకు మెంటర్లను కుదిర్చే బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ సంస్థలో 10 నుంచి 16 ఏళ్ల మధ్య పిల్లలు 959 మందిని తీసుకుని, కొందరికి వెంటనే మెంటర్‌ను ఇచ్చి, మిగతావాళ్లను వెయిటింగ్ లిస్టులో ఉంచి ఏడాదిన్నర గమనించారు. 1995లో ఫలితాలు వచ్చాయి. మెంటర్ దొరికిన పిల్లలు కొత్తగా మత్తుపదార్థాల జోలికి వెళ్లడం 46 శాతం తక్కువ, బడి ఎగ్గొట్టడం 52 శాతం తక్కువ. చాలా ఏళ్ల తర్వాత ఆర్థికవేత్తలు ఆ పిల్లల పన్ను రికార్డులు చూస్తే, 20 నుంచి 25 ఏళ్ల మధ్య మెంటర్ దొరికిన వర్గం సంపాదన సుమారు 15 శాతం ఎక్కువగా ఉంది. ఆ వయసులో అంత తేడా చిన్నది కాదు. అప్పు లేకుండా నెల గడవడానికీ, గడవకపోవడానికీ మధ్య ఉండే తేడా అది.

హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను మనస్తత్వవేత్త ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవల మధ్య పెరిగిన పిల్లల్లో దాదాపు మూడో వంతు మంది చక్కగా స్థిరపడ్డారు. వాళ్లకు కలిసొచ్చిన వాటిలో ఒకటి, తమను నిజంగా పట్టించుకునే పెద్దమనిషి కనీసం ఒకరు ఉండటం.

మీరు చేరాలనుకుంటే, వచ్చే ఏడాదంతా ఆ గంట మీ చేతిలో ఉంటుందో లేదో ముందు చూసుకోండి. ఉండదనిపిస్తే ఇప్పుడే ఒప్పుకోకండి, వీలు చిక్కాక చేరండి. ఒక వారం వెళ్లలేకపోతే ముందురోజే మీరే ఫోన్ చేసి చెప్పండి. ఆ పిల్లలు గంట ముందు నుంచే ఎదురుచూస్తుంటారు.