కనిపెట్టాడా? కనుగొన్నాడా?

సందేహం: పిల్లల పుస్తకం కోసం ఆఫ్రికా యాత్రల పాత బొమ్మలకు వ్యాఖ్యలు రాస్తున్నాను. ‘విక్టోరియా జలపాతాన్ని కనిపెట్టిన లివింగ్‌స్టన్’, ‘లివింగ్‌స్టన్‌పై సింహం దాడి – 1844 నాటి ఫొటో’ అని రాశాను. మొదటిదానిలో ‘కనుగొన్న’ అనాలని మిత్రుడు అంటున్నారు. ఏది సరి?

సమాధానం: లేనిదాన్ని తయారుచేస్తే కనిపెట్టడం, ఉన్నదాన్ని చూస్తే కనుగొనడం అని బడిలో చెబుతారు. అది సగమే నిజం. ‘నేను దాచుకున్న బెల్లం ముక్కను అమ్మ కనిపెట్టేసింది’ అంటాం. ఆ బెల్లం అమ్మ వండింది కాదు, ఎవరి కంటా పడకుండా ఉన్నది ఆమె కంట పడిందంతే. మీ వాక్యంలో కుదరనిది ఈ అర్థమే. ఆ జలపాతం ఎవరికీ తెలియకుండా దాగి లేదు. 1855 నవంబరు 16న బ్రిటిష్ యాత్రికుడు లివింగ్‌స్టన్‌ను జాంబెజీ నదిలో పడవ మీద అక్కడికి తీసుకెళ్లినవాళ్లు ఆ నీటి పోకడ ఎరిగిన స్థానికులే. అక్కడి కొలోలో ప్రజలు దాన్ని ‘మోసి ఓఆ తున్యా’ అనేవారు. ఉరిమే పొగ అని అర్థం. ఎంత చక్కని పేరు! విక్టోరియా అన్నది ఆయన తన రాణి పేరిట పెట్టింది.

‘కనుగొను’ కొంత మేలు. పాత కావ్యాల్లో ‘కనుఁగొని’ అంటే ‘చూసి’ అనే. కానీ ఇవాళ్టి పిల్లలకు ఆ మాట వినగానే ‘అంతకుముందు ఎవరూ చూడలేదు’ అనే తోస్తుంది. కాబట్టి ‘చూసిన’ అని రాయండి, చాలు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మీ రెండో వ్యాఖ్య. ‘1844 నాటి’ అన్నప్పుడు ‘నాటి’ దాని పక్కనున్న ‘ఫొటో’కే అంటుకుంటుంది, దాడికి కాదు. దాడి జరిగింది 1844లో, దక్షిణాఫ్రికాలోని మబోట్సాలో. బొమ్మ 1857లో లండన్‌లో వెలువడిన ఆయన పుస్తకంలోది. వేసిన చిత్రకారుడు ఆ దాడిని చూడలేదు. ఆ బొమ్మ అసలేమీ బాగాలేదని లివింగ్‌స్టనే తన ప్రచురణకర్తకు రాశాడు.

పైగా అది ఫొటో కాదు. భూతద్దం పెట్టి చూడండి. సింహం జూలు, గడ్డి, నీడ అన్నీ సన్నని గీతలే. నలుపు కావలసినచోట గీతలు దగ్గరపడతాయి, తెలుపు కావలసినచోట ఎడమవుతాయి. కొయ్య దిమ్మ మీద చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చొత్తిన బొమ్మ అది. ‘చెక్కిన బొమ్మ’ అంటే శిల్పం అనుకుంటారు. పెడన కలంకారీవాళ్లు బట్ట మీద అద్దే కొయ్య దిమ్మను ‘అచ్చు’ అనే అంటారు గనక, ‘కొయ్యచ్చు బొమ్మ’ అంటే మనవాళ్లకు ఇట్టే తెలుస్తుంది.

ఇంకొక్క మాట. ఆ రోజు సింహం లివింగ్‌స్టన్ ఎడమచేతి ఎముక నలిపేసింది. మెబల్వే అనే ఆఫ్రికన్ సహచరుడు తుపాకీ ఎత్తాడు. అది పేలలేదు. సింహం ఈయన్ని వదిలి అతని మీదికి దూకి తొడ కరిచింది. లివింగ్‌స్టన్‌తోపాటు మెబల్వే కూడా వ్యాఖ్యలో ఉండాలి. ఇలా రాయండి: ‘1844లో లివింగ్‌స్టన్ మీద, ఆయన్ని కాపాడబోయిన మెబల్వే మీద సింహం దాడి: 1857 పుస్తకంలోని కొయ్యచ్చు బొమ్మ.’