ఆయన దాచిన సంగతి నాకు తెలుసని చెప్పాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. నా భర్త ఇరాన్ దేశస్థుడు, సొంత ఊరు షిరాజ్. ఎం.టెక్. చదవడానికి హైదరాబాదు వచ్చిన కొత్తలో అద్దెగది దొరక్క తిరుగుతుంటే నేనే వెతికిపెట్టాను. ఆ పరిచయమే పెళ్లి దాకా వచ్చింది. నాలుగేళ్లుగా టొరంటోలో ఉంటున్నాం. రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్తుంటే సివిల్ ఇంజనీరుగా పనిచేస్తున్నారనే నమ్మాను. ఈ మధ్య కారు డిక్కీలో గోదాములో వాడే బూట్లు, చేతి తొడుగులు కనిపించాయి. ఆ వారమే ఇద్దరం ‘హౌస్ ఆఫ్ శాండ్ అండ్ ఫాగ్’ సినిమా చూస్తుంటే ఆయన మధ్యలో లేచి బాల్కనీలోకి వెళ్లిపోయారు. అప్పటినుంచి ముభావంగా ఉంటున్నారు, అర్ధరాత్రి ఒక్కరే మళ్లీ అదే సినిమా చూస్తున్నారు. నాకు తెలుసని చెప్పాలా, ఊరుకోవాలా?

జవాబు: చెప్పాలమ్మా. అయితే ఎలా చెప్పాలో తేల్చుకోవాలంటే, ఆయన ఏ సన్నివేశం దగ్గర లేచి వెళ్లారో ముందు గుర్తు తెచ్చుకోండి.

2003లో వచ్చిన ఆ చిత్రంలో బెన్ కింగ్‌స్లీ పోషించిన బెహ్రానీ, ఇరాన్ రాజు షా పాలనలో అక్కడి వైమానిక దళంలో కర్నల్‌గా పనిచేసిన మనిషి. దేశం విడిచి అమెరికా చేరాక రోడ్డు పనివాళ్లలో ఒకడిగా ఒళ్లు వంచుతాడు, రాత్రిపూట ఒక చిన్న దుకాణంలో గల్లా దగ్గర నిలబడతాడు, మధ్యలో ఒక హోటల్ స్నానాలగదిలో మురికి కడుక్కుని సూటు తొడుక్కుని దొరలా ఇంటికి వెళ్తాడు. ఒక ఇంటి హక్కు మీద నడిచే తగాదాగానే ఆ కథను చాలామంది చెప్పుకుంటారు కానీ, నాకు మాత్రం ఆ స్నానాలగదిలోనే అసలు కథంతా ఉందనిపిస్తుంది. రోడ్డు మీద తోటి కూలీల మధ్య ఉన్నప్పటి కంటే, భార్యాబిడ్డలతో కూర్చుని అన్నం తినేటప్పుడే అతను ఎక్కువ ఒంటరి. మీవారు చూడలేకపోయింది అదేనేమో.

పర్షియన్‌లో పరువును ‘ఆబెరూ’ అంటారు, అంటే ముఖంలోని నీరు; హైదరాబాదు ఉర్దూలో ‘ఆబ్రూ’ అన్న మాట మీరూ వినే ఉంటారు. మనం పేదవాడికి వాడే ‘గరీబు’ అన్న మాటకు ఆయన భాషలో పరాయివాడు, ఊరు విడిచినవాడు అని అర్థం. ఆ రెండు అర్థాలూ ఇప్పుడు ఆయన నెత్తిన ఒక్కసారే పడ్డాయి. ఆయన చేసింది మోసం కాదని నేననను, నాలుగేళ్లు నమ్మిన మనిషిగా మీకు కోపం రావడం న్యాయమే. కానీ ఆ కోపంతో మొదలుపెడితే ఆయన రెండో అబద్ధం వెతుక్కుంటారు.

అందుకని సినిమా చూసిన రాత్రి వద్దు, బంధువుల ముందు వద్దు. ఇద్దరూ కారులో వెళ్తున్నప్పుడో, పక్కపక్కన నడుస్తున్నప్పుడో, అంటే ముఖాలు ఎదురెదురుగా లేనప్పుడు, “డిక్కీలో బూట్లు చూశాను. చెప్పలేక ఇన్నాళ్లూ నాలో నేనే నలిగిపోయాను” అని అక్కడితో ఆగండి. ఎప్పటినుంచి, ఎందుకు దాచారు అన్న ప్రశ్నలు ఆ పూటకు వద్దు. “ఏం లేదు, బాగానే ఉన్నాను” అంటే వాదించకండి. ఇరానీయుల ‘తారుఫ్’ మర్యాదలో, మన మొహమాటంలాగే, మొదటిసారి వద్దన్నది చివరి మాట కాదు. టీ కప్పుకు వర్తించే ఆ పద్ధతి గాయానికి అచ్చంగా వర్తించకపోయినా, రెండు రోజులాగి మళ్లీ అడగడానికి మీకు చోటిస్తుంది.

మరునాడే ఉద్యోగ ప్రకటనలు పంపడం మొదలుపెట్టకండి. ఆయన మనసు కుదుటపడ్డాక, అప్పులేమైనా ఉన్నాయేమో ఇద్దరూ కూర్చుని లెక్క చూసుకోండి. ఒంటారియోలో ఇంజనీరు లైసెన్సుకు కెనడాలో పనిచేసిన అనుభవం తప్పనిసరి అన్న నిబంధనను 2023లో తీసేశారు. పాత నిబంధన చూసి ఆశ వదులుకున్నవారిలో ఆయనా ఉండవచ్చు. షిరాజ్‌లోని అత్తగారికి మాత్రం మీరేమీ చెప్పకండి, ఆ మాట చెప్పుకోవలసింది కొడుకే.

ఒక విషయం ఆలస్యం చేయరానిది. ఆ చిత్రం ముగింపు సర్వనాశనం, దాన్ని ఒక మనిషి రాత్రుళ్లు పదేపదే చూస్తున్నాడంటే తేలిగ్గా తీసుకోకూడదు. నిద్ర, తిండి తగ్గాయా, బతకడం దండగ అన్న ధోరణిలో మాట్లాడుతున్నారా గమనించండి. చనిపోవాలని ఉందా అని నేరుగా అడగడానికి జంకకండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అలాంటి సూచన కనబడితే కెనడాలో 988కి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. ప్రాణాపాయం అప్పటికప్పుడే అనిపిస్తే 911. మామూలు దిగులే అయినా, పర్షియన్ మాట్లాడే కౌన్సిలర్ టొరంటోలో దొరకడం కష్టం కాదు. నార్త్ యార్క్‌లో యాంగ్ వీధి పొడవునా ఇరానీ దుకాణాలున్న నగరమది.

ఇక మీ ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో దాటేసిన అద్దెగది సంగతి. అప్పుడు హైదరాబాదులో ఆయన గరీబు, మీరు ఆ ఊళ్లో తిరగడం తెలిసినవారు. సాయం కావాలని ఆయన సిగ్గుపడకుండా మిమ్మల్ని అడగగలిగారు. ఆ రోజు ఆయన ఏమని అడిగారో మీకు గుర్తుండే ఉంటుంది. బూట్ల మాట ఎత్తే ముందు, కారులో, ఆ కబురే తీయండి.