చెవిలో నూనె పోయొద్దు

చిన్నీ,

నిన్న పొద్దున లేచేసరికి అల్లుడుగారికి కుడి చెవి వినపడటం లేదట, "జలుబేమోలే, నాలుగు రోజులు చూద్దాం" అంటున్నారట. మీ అమ్మ చెప్పింది. చూడొద్దు. ఇవాళే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి బయల్దేరండి, మిగతాది ఆటోలో చదువుకో.

నాకూ ఇలాగే అయింది. పొద్దున్నే ఫోన్ మోగితే ఎడమ చెవికి పెట్టుకున్నాను. అవతల చప్పుడే లేదు. కట్ చేయబోతూ కుడి చెవికి మార్చితే మావాడు "అమ్మా, ఉన్నావా?" అని అరుస్తున్నాడు. గుబిలి అనుకున్నాను. వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసుకున్నాను, పిన్నీసుతో కెలికాను, మందుల షాపువాడిచ్చిన చుక్కలు వేసుకున్నాను. ఇరవై రోజులు అలా పోగొట్టాను. వినికిడి సగమే వచ్చింది, జోరీగ రొద మిగిలిపోయింది.

లోపలి చెవో, దాని నరమో దెబ్బతింటే 3 రోజుల్లోపే వినికిడి ఇలా పడిపోతుందట. చాలామందికి కారణం దొరకదు. గాయని అల్కా యాగ్నిక్‌కి విమానం దిగి వస్తుంటే ఏమీ వినపడలేదని, వైరస్ వల్లనని డాక్టర్లు చెప్పారని 2024లో ఆవిడే ప్రకటించారు. స్టెరాయిడ్ మాత్రలు మొదటి 2 వారాల్లో పడితేనే ఎక్కువ ఆశ.

ఆయన్ని నోరు మూసుకుని "ఊఁ" అనమను. ఆ "ఊఁ" వినపడని చెవిలోనే గట్టిగా వినిపిస్తే గుబిలో, జలుబో కావచ్చు. బాగున్న చెవి వైపు పోతే నరాన్ని అనుమానించాలి. ఇది నమ్మేసి ఇంట్లో కూర్చోకండి, డాక్టరుకి చెప్పడానికే. చెవి శుభ్రంగానే ఉందంటే ఆ రోజే ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, తీయమని అడగండి. ఆయనకి షుగర్ ఉందని ముందే చెప్పు, స్టెరాయిడ్‌కి అది పెరుగుతుంది. మాత్రలు కుదరకపోతే కర్ణభేరిలోంచి ఇంజెక్షన్ ఇస్తారు. వింటేనే భయం గానీ, నేను చేయించుకున్నాను, ఓర్చుకోవచ్చు. ఎమ్మారై రాస్తే టెన్షన్ పడకు, నరం మీద గడ్డ లేదని చూసుకోవడానికే.

మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి చచ్చుబడినా మాత్రం ఈఎన్‌టీ కాదు, 108కి ఫోన్ చెయ్యి.

ఈలోగా ఆయనతో ఎడమ వైపు నుంచి మాట్లాడు, అరవకు. బండి ఇవ్వకు, హారన్ ఎటు నుంచో తెలియదు.

రిపోర్టు వాట్సాప్‌లో పెట్టు. ఫోన్ చేసినా పర్లేదు, కుడి చెవికే పెట్టుకుంటాలే.

పెద్దమ్మ