నీటి మాత్రలన్నీ ఒకటి కావు

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్ళు. గుండె బలహీనమై కాళ్ళకు నీరు చేరితే డాక్టరుగారు పొద్దున లాసిక్స్ 40, మధ్యాహ్నం ఆల్డాక్టోన్ 25 రాశారు. బీపీకి టెల్మిసార్టాన్ కూడా వాడుతోంది. నీటి మాత్రలు రెండెందుకు? ఒకటి మానెయ్యొచ్చా? కత్తెర ఎండలకు నీరసపడుతోందని రోజూ కొబ్బరి బొండాం ఇస్తున్నాం.
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: మాత్రలు మానకండి. బొండాం మాత్రం ఈ రోజే ఆపండి.

మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్లు వడపోసి, ఒకటిన్నర రెండు లీటర్లే బయటికి వదులుతాయి. మిగతాది సన్నటి గొట్టాల వెంట ఉప్పుతో పాటు తిరిగి రక్తంలో కలుస్తుంది. ఉప్పు ఎటు పోతే నీరూ అటే. ఆ ఉప్పు వెనక్కి వెళ్ళే దారిని నీటి మాత్ర ఒకచోట మూసేస్తుంది. ఎక్కడ మూస్తుందన్నదాన్ని బట్టే దాని బలం, దాని ప్రమాదం.

లాసిక్స్ ఆ గొట్టం మధ్యలో వంగి తిరిగే చోట, అంటే హెన్లీ వంపు దగ్గర మూస్తుంది. వడపోసిన ఉప్పులో దాదాపు నాలుగో వంతు అక్కడే వెనక్కి వెళుతుంది. అందుకే మాత్ర వేసిన గంటలోపే మూత్రం జోరందుకుని, ఆరు గంటలకల్లా తగ్గిపోతుంది. పొద్దున్నే వెయ్యమనేది ఇందుకే. సాయంత్రం వేస్తే అర్ధరాత్రి బాత్‌రూముకు లేచి పడిపోయే ప్రమాదం ఉంది. దీంతో పొటాషియం కూడా కొట్టుకుపోతుంది.

ఆల్డాక్టోన్ గొట్టం చివర, ఉప్పును పట్టి ఉంచే ఆల్డోస్టిరోన్ హార్మోనుకు అడ్డుపడుతుంది. లాగే నీరు కొంచెమే, అదీ రెండు మూడు రోజులకు గానీ కనిపించదు. కానీ పొటాషియాన్ని పోనివ్వదు. గుండె పంపింగ్ తగ్గినవాళ్ళకు ఆయుష్షు పెంచుతుందని తేలిన మందు ఇది. వాపు తగ్గిందని మానేసేది కాదు.

టెల్మిసార్టాన్ కూడా పొటాషియాన్ని పట్టి ఉంచేదే. ఈ రెండింటి మీద రోజూ బొండాం పడితే, అందులో పొటాషియం దండిగా ఉంటుంది కనుక, గుండె లయ తప్పొచ్చు. ముందుగా ఏ సూచనా ఉండకపోవచ్చు. సోడియం తక్కువని అమ్మే ఉప్పూ వద్దు, అందులో కలిపేది పొటాషియం క్లోరైడ్. పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది) రక్త పరీక్షలు మందు మొదలెట్టిన వారానికి, నెలకు, ఆ తర్వాత సుమారు మూడు నెలలకోసారి చేయించాలి. ఇటీవల చేయించకపోతే ఇప్పుడే చేయించండి. పొటాషియం 5.5 దాటితే అదే రోజు డాక్టరుకు చెప్పండి. మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ సొంతంగా కొనకండి. ఈ మందులతో కలిస్తే కిడ్నీ దెబ్బతింటుంది.

రోజూ మూత్రానికి వెళ్ళొచ్చాక, టిఫినుకు ముందు బరువు చూసి రాసిపెట్టండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే మళ్ళీ నీరు చేరుతున్నట్టే. వాంతులో విరేచనాలో పట్టుకుంటే ఏ మాత్ర ఆపాలో ఆ పూటే ఫోన్ చేసి అడగండి.

ప్రశ్న: నాన్నగారికి 74. బీపీ మాత్ర మార్చి క్లోర్తాలిడోన్ 12.5 కలిసినది ఇచ్చారు. రెండు వారాలుగా తూలుతున్నారు, మాటకు మాట పొంతన ఉండటం లేదు. వయసు వల్లేనా?
– ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: వయసని సరిపెట్టుకోకండి. ఈ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళి రక్తంలో సోడియం చూపించండి. ఉండాల్సింది 135 నుంచి 145. క్లోర్తాలిడోన్ కూడా నీటి మాత్రే, థయజైడ్ అనే తరహాది, హెన్లీ వంపు దాటాక పనిచేస్తుంది. లాగే ఉప్పు లాసిక్స్ కన్నా తక్కువ. అయితే లాసిక్స్ మూత్రాన్ని చిక్కబరిచే శక్తిని దెబ్బతీస్తుంది, థయజైడ్ దాన్ని అలాగే ఉంచుతుంది. అందుకని ఉప్పు పోతూ నీరు ఒంట్లోనే మిగిలి సోడియం పలచబడుతుంది. ఎండలని చెంబులకొద్దీ మంచినీళ్ళు తాగిస్తే ఇంకా పడిపోతుంది. ఇంట్లోనే ఉప్పు నీళ్ళు పట్టి సరిచేద్దామనుకోవద్దు, ఒక్కసారిగా పెరిగినా మెదడుకు ప్రమాదమే.

ప్రశ్న: బీపీకి ఆమ్లోడిపిన్ 10 వాడుతున్నాను. సాయంత్రానికి చీలమండలు వాస్తున్నాయి. ఇంట్లో ఉన్న లాసిక్స్ వేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, కోడంబాకం

జవాబు: వద్దు. ఆమ్లోడిపిన్ వల్ల వచ్చే వాపు ఒంట్లో ఉప్పు ఎక్కువై వచ్చింది కాదు. సన్నటి ధమనులు వెడల్పయి, నీరు కణజాలంలోకి ఊరుతుంది. లాసిక్స్‌తో అది పెద్దగా తగ్గదు, పొటాషియం మాత్రం పోతుంది. డాక్టరు మోతాదు 5కు తగ్గించొచ్చు, లేదా వేరే మందు కలపొచ్చు. ఒక్క కాలే వాచినా, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా చూపించుకోండి.