నలుపు కనబడాలంటే బల్బు బాగుండాలి

ఆపరేటర్ గది: పాఠకుల ప్రశ్నలు, పాత ప్రొజెక్టర్ ఆపరేటర్ జవాబులు

ప్రశ్న: మా వీధి చివరి చిన్న హాలులో ఆదివారం ఉదయం పాత అమెరికన్ నేర చిత్రాలు వేస్తున్నారు. ఫిల్మ్ న్వార్ అంటారట. మొన్న ‘డబుల్ ఇండెమ్నిటీ’ చూశాను. సగం తెర చీకటే. బల్బు పాడయిందా, సినిమానే అంతా?
- విశ్రాంత ఉపాధ్యాయిని, కడప

జవాబు: రెండూ జరిగేవే అమ్మా. తేల్చుకోవాలంటే నలుపు వైపు కాదు, తెలుపు వైపు చూడండి. చొక్కా కాలరు, బల్ల మీది దీపం, సిగరెట్ పొగ. అవి తెల్లగా మెరుస్తుంటే చుట్టూ ఉన్న చీకటి కావాలని పెట్టుకున్నది. కాలరు కూడా బూడిదరంగులో ఉంటే తప్పు హాలుది.

అది 1944లో బిల్లీ వైల్డర్ తీసిన సినిమా, కెమెరా జాన్ సైట్జ్‌ది. మామూలుగా ముఖం మీద ఒక లైటు వేసి, దాని నీడ మరీ నల్లబడకుండా రెండో వైపు నుంచి ఇంకో లైటు వేస్తారు. ఈ తరహా చిత్రాల్లో ఆ రెండోదాన్ని బాగా తగ్గిస్తారు, ఒక్కోసారి అసలు వెయ్యరు. కిటికీ తెర పలకల సందుల్లోంచి గదిలోకి ఎండ చారలుగా పడి, అందులో దుమ్ము తేలుతుంటుంది చూశారా? ఆ దుమ్ము కనబడటానికి గాల్లోకి అల్యూమినియం పొడి వదిలారు. బల్బు నీరసిస్తే మొదట మాయమయ్యేది అదే.

మన తాడిపత్రి కె.వి.రెడ్డి గారి ‘మాయాబజార్’ (1957) కూడా నలుపు తెలుపే కదా, అది బాగానే కనబడిందే అంటారేమో. మార్కస్ బార్‌ట్లే పట్టిన ఆ వెన్నెలలో నలుపుకూ తెలుపుకూ మధ్య ఎన్నో మెట్లున్నాయి. వెలుగు కాస్త తగ్గినా బొమ్మ ఒక మెట్టు దిగి నిలబడుతుంది. న్వార్‌లో మధ్య మెట్లు తక్కువ, జారితే పాతాళమే.

మా రోజుల్లో కార్బన్ కడ్డీలు ఉండేవి. రెండు కడ్డీల కొనల మధ్య మంటే మా వెలుగు. అవి కాలి అరిగేకొద్దీ దగ్గరకు జరుపుతూ ఉండాలి. నల్ల అద్దంలోంచి ఆ మంటను కనిపెట్టుకుని కూర్చోవడమే సగం ఉద్యోగం. ఆదమరిస్తే తెర పసుపెక్కేది, కింది తరగతి నుంచి ఈలలు మొదలయ్యేవి. ఆ ఈలలే మాకు మేనేజర్లు! ఇప్పటి దీపం నెలల తరబడి నెమ్మదిగా మసకబారుతుంది, ఈల వేయాలని ఎవరికీ తోచదు. ఇంకొకటి, త్రీడీ కోసం లెన్సు ముందు పెట్టిన ఫిల్టర్‌ను మామూలు సినిమాకు తీయకపోవడం. దాంతో చాలా వెలుగు పోతుంది. ముందు ఆ సంగతి అడగండి.

పొద్దుటి ఆట అంటున్నారు కాబట్టి తలుపు సంగతి కూడా చూడండి. కడప ఎండ ఒక్కసారి లోపలికి వచ్చిందంటే ఏ దీపమూ దానికి ఎదురు నిలవదు. తలుపుకు దళసరి నల్ల తెర వేయించమనండి.

ప్రశ్న: ‘ది బిగ్ స్లీప్’ చూశాను. డ్రైవర్‌ను ఎవరు చంపారో చివరిదాకా తెలియలేదు. నిద్రపోయానా?
- డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జవాబు: లేదు నాయనా, మెలకువగానే ఉన్నావు. 1946 నాటి ఆ సినిమా తీస్తుండగా ఇదే అనుమానం వచ్చి మూల నవల రాసిన రేమండ్ చాండ్లర్‌నే అడిగితే, తనకూ తెలియదన్నాడని చెప్పుకుంటారు. హంతకుడి కోసం వెతుక్కోకు, హీరో హంఫ్రీ బొగార్ట్ గదిలోకి అడుగుపెట్టే తీరు చూడు.

ప్రశ్న: ఇలాంటి సినిమాల్లో అందరూ లావుగా, పొట్టిగా కనబడుతున్నారు. అప్పటి మనుషులే అంతా?
- దుకాణదారు, కర్నూలు

జవాబు: మనుషులు సన్ననివాళ్లే, సాగదీసింది హాలువాళ్లు. 1953లో సినిమాస్కోప్ వచ్చేదాకా బొమ్మ ఎత్తు 1 అయితే వెడల్పు సుమారు 1.37. పులివెందుల ప్రాంతం నుంచి వెళ్లిన బి.ఎన్.రెడ్డి గారి ‘మల్లీశ్వరి’ (1951) కొలత కూడా అదే. దాన్ని ఇప్పటి వెడల్పు తెర నిండా పరిస్తే హీరోయిన్ చెంపలు ఉబ్బక ఏమవుతాయి? కొందరు సాగదీయకుండా పైనా కిందా కోసేస్తారు. అప్పుడు హీరో టోపీ ఎగిరిపోతుంది, న్వార్‌లో టోపీ లేని హీరో ఏం హీరో! బొమ్మను దాని కొలతలో వేసి, రెండు పక్కలా మిగిలిన తెరను నల్ల గుడ్డతో మూయమనండి. టికెట్ డబ్బుకు తెర తగ్గిందని గొడవ చేసేవాళ్లు ఉంటారని మేనేజరు జంకుతాడు. ఆట మొదలయ్యే ముందు ఒక్క మాట ప్రకటించమని చెప్పండి, సరిపోతుంది.