పాత కుర్చీ జాయింట్ మళ్లీ అతికించే ముందు పాత జంతు జిగురంతా గీకేయాలా?

అక్కర్లేదు, పాతది నిజంగా జంతు జిగురే అయి, బూజు పట్టకుండా చెక్కను అంటిపెట్టుకుని ఉంటే దాని మీదే వేడిచేసిన కొత్త జంతు జిగురు పూయవచ్చు.

ఇది తోలు, ఎముకల్లోని కొలాజెన్ నుంచి వచ్చే ప్రోటీన్. నీరు పోతే గట్టిపడుతుంది, వేడీ తేమా తగిలితే మళ్లీ కరుగుతుంది. కొత్త జిగురు పాతదాన్ని కరిగించి దానితో కలిసిపోతుంది. ముందు వేడి నీళ్లలో ముంచిన గుడ్డను ఒక మూల అద్ది చూడండి. జిగటగా మారితే అది జంతు జిగురు అయ్యే అవకాశం ఎక్కువ.

కుర్చీ కాలి బెజ్జంలో అడ్డపట్టీ కొస వదులైందనుకోండి. పొడిగా రాలే పెచ్చులను మాత్రమే తీసేయండి. ఒక వంతు జిగురు పలుకులను రెండు వంతుల చల్లని నీటిలో ఉబ్బేదాకా నానబెట్టి, వేడి నీళ్ల గిన్నెలో పెట్టి 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగించండి. బ్రష్ ఎత్తితే తెగకుండా ధారగా జారాలి. చెక్కనూ కాస్త వెచ్చబెట్టండి. చల్లని చెక్క మీద జిగురు వెంటనే గడ్డకట్టి, లోపలికి దిగదు. పూశాక నిమిషంలోపే జోడించి, రాత్రంతా క్లాంప్‌లో ఉంచండి.

ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు ఇంతకన్నా బలమైనదని పాతదాని మీదే పూయడం చాలామంది చేసే పొరపాటు. అది పాత జిగురును కరిగించలేదు, దానికి సరిగా పట్టదు. పైగా తర్వాత బాగుచేసేవాళ్లకు ఆ పొరను తొలగించడమే పెద్ద పని. తెల్ల జిగురే వాడాలంటే మాత్రం పాతదంతా ఒట్టి చెక్క కనిపించేదాకా కడగాల్సిందే.